ఆగస్టు 30 రాత్రి టేట్ మీద కన్నేసి ఉంచండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నల్లగొండల ఉంటున్న రిటైర్డ్ పీఈటీని, ఊర్లల్ల డ్రిల్లు సారు అంటే అందరికి తెలుస్తది. ముప్పై ఏండ్ల పైన జిల్లా పరిషత్ బళ్లల్ల పిల్లలకు కబడ్డి, ఖోఖో ఆడిపిచ్చిన. మీ స్పోర్ట్స్ పేజీ పొద్దున చాయ తోటే చదువుత, ఇప్పటికి గూడ ఎన్జీ కాలేజి గ్రౌండుల వాకింగ్ కాంగనే ముందుగాల తిప్పేది ఆ పేజీనే. అందుకే అమెరికా కాలేజి ఫుట్‌బాల్ల కార్నెల్ టేట్ అనే పిలగాని గురించి ఈ ఉత్తరం మీకు రాస్తున్న, జర పెద్దగైనా పూర్తిగ చదువుండ్రి.

అసలు సంగతి ఏందంటే అమెరికాల కాలేజి ఫుట్‌బాల్ సీజన్ ఈ 2025 ఆగస్టు 30న జోరుగ మొదలైతున్నది. మా బిడ్డ, అల్లుడు ఓహాయోల కొలంబస్ పక్కన డబ్లిన్ అనే ఊర్లె ఉంటరు. పోయినేడు ఆగస్టుల నేను, మా ఇంటామె పోయి జనవరి ఆఖరు దాక అక్కడనే ఉన్నం. ఆ ఆరు నెలలు ఓహాయో స్టేట్ యూనివర్సిటీ టీము ఆడిన ప్రతి ఆట నేను మా మనుమడి పక్కన కూసొని చూసిన, వాడికి తొమ్మిదేండ్లు, నాకు రూల్స్ అన్ని వాడే నేర్పిండు. మన జిల్లా పిల్లలు, మిర్యాలగూడ, సూర్యాపేట, పాలమూరు పిల్లలు ఎంతమందో ఆ దేశంల చదువుతున్నరు, శనివారం ఫోన్ జేస్తె "నానా ఇయ్యాల మ్యాచ్ ఉన్నది, మల్ల జేస్త" అంటరు, ఇక్కడ తల్లిదండ్రులకు అదేం మ్యాచో తెల్వది. పేపర్లల్ల అమెరికా అంటే వీసా, డాలరు రేటు, కాల్పులు, గంతే. ఆ పిల్లలు ప్రతి వారం దేని గురించి కొట్లాడుకుంటున్నరో గూడ ఒక ముక్క రాయాలె గదా సార్.

ఆట గురించి రెండు మాటలల్ల చెప్తా. ఇది మన సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్ కాదు, బంతి కోడిగుడ్డు లెక్క ఉంటది, చేత్తోటి ఇసురుతరు. మైదానం 100 గజాల పొడుగు, 53 గజాల పైన వెడల్పు. మనం ప్లాటు కొనేటప్పుడు అనే గజాల పొడుగే అది, మూడడుగులు, కాబట్టి మనోళ్లకు లెక్క తొందరగనే తెలుస్తది. టీముకు 11 మంది. నాలుగు ప్రయత్నాలల్ల 10 గజాలు ముందుకు పోవాలె, పోతె మల్ల నాలుగు ఇస్తరు, పోకపోతె బంతి అవతలోళ్లది. ఇసిరేటోడు క్వార్టర్‌బ్యాక్. గీత అంచుకు నిలబడి, బంతి కదలంగనే ఉరికి, మధ్యల ఒక్కసారి మలుపు తిరిగి, ఎనుక మనిషి ఉన్నా సరే గాలిల బంతిని పట్టేటోడు వైడ్ రిసీవర్. నేను రాస్తున్నది ఈ రిసీవర్ల గురించే, ఎందుకంటే ఆ దేశంల ఓహాయో స్టేట్ తప్ప ఇంత మంచి రిసీవర్లను వరసబెట్టి తయారుజేసిన కాలేజి ఈ నాలుగైదేండ్లల్ల ఇంకోటి లేదు అని నా గట్టి అభిప్రాయం. ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్టు అంటే పైసలిచ్చి ఆడిపిచ్చే పెద్ద లీగు టీములు కాలేజి పిలగాండ్లను వంతులవారిగ ఏరుకునుడు. 2022 డ్రాఫ్టుల గ్యారెట్ విల్సన్ 10వ నంబరు, క్రిస్ ఓలావె 11వ నంబరు, ఒకని ఎనుక ఒకడు. 2023ల జాక్సన్ స్మిత్ ఎన్జిగ్బా 20. 2024ల మార్విన్ హారిసన్ జూనియర్ 4. ఈ ఏడు ఎమేకా ఎగ్బూకా 19. నాలుగేండ్లల్ల అయిదుగురు మొదటి రౌండుల పోయిన్రు, అందరు ఒక్క గురువు చేతికింద పెరిగినోళ్లే, బ్రయన్ హార్ట్‌లైన్ ఆయన పేరు, ఆయన గూడ అదే కాలేజిల రిసీవర్‌గ ఆడినోడు. నేను ముప్పై ఏండ్లు పిల్లలతోటి ఎగిరిన మనిషిని గాబట్టి చెప్తున్న, ఒక పిలగాడు మంచిగొస్తె వాని నసీబు అనొచ్చు, అయిదుగురు వస్తె అది నేర్పినోని చెయ్యి.

ఇగ ఈ ఏటి టీము. ఎవరిని అడిగినా మొదట చెప్పే పేరు జెరమయ్య స్మిత్, 4 నంబరు చొక్కా. ఫ్లోరిడా పిలగాడు, వయసు 19. పోయినేడు కాలేజిల మొదటి సంవత్సరమే 76 బంతులు పట్టి 1,315 గజాలు, 15 టచ్‌డౌన్లు, అంటే బంతిని అవతలి చివరి గీత దాటిచ్చుడు, జేసిండు. ఫస్టియర్ పిలగాడు ఇట్ల జేసుడు ఆ కాలేజిల ఎన్నడు లేదు, నలభై ఏండ్ల కింద 1984ల క్రిస్ కార్టర్ పెట్టిన ఫస్టియర్ రికార్డులన్ని తీసి పక్కనపెట్టిండు. అక్టోబరు 5న అయోవా మీద మ్యాచుకు మా అల్లుడు నన్ను స్టేడియంకు తోలుకపోయిండు. గుర్రపు నాడ లెక్క కట్టిన స్టేడియం, లక్ష మంది పైన పడ్తరు, అందరు ఎర్రచొక్కాలే, మన దగ్గర జాతరల గూడ అంత మంది ఒక్కతాన ఒకేసారి నిలబడి అరిచింది నేను చూడలే. ఆ రోజు స్మిత్ ఒక్క చెయ్యి సాపి పట్టిన టచ్‌డౌను నా కండ్ల ముంగటనే జరిగింది. చెయ్యి ఎంత మెత్తగ పెట్టిండంటే బంతికి తగిలిన సప్పుడు లేనట్టే ఉన్నది. పిల్లలకు నేను ఎప్పుడు చెప్పేది గదే, బంతిని ఛాతికి కొట్టుకోనియ్యద్దురా, వేళ్లతోటి పట్టాలె, చూపు బంతి మీదనే ఉండాలె అని. ఆ పిలగాడు మెడ ఎనుకకు తిప్పి చూపును బంతి మీదనే ఆపిండు.

కాని నేను ఈ ఉత్తరం స్మిత్ గురించి రాస్తలేను. ఆయన గురించి అందరు రాస్తరు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట, ఈ సీజన్ల ఓహాయో స్టేట్ ఎంత దూరం పోతదన్నది స్మిత్ చేతుల కంటె కార్నెల్ టేట్ చేతుల మీద ఎక్కువ ఆధారపడి ఉన్నది. ఎందుకో చెప్తా.

జనవరి 10న దేశపు కప్పుకు సెమీఫైనల్, కాటన్ బౌల్ అంటరు, టెక్సాస్ తోటి. దానికి తొమ్మిది రోజుల ముందు రోజ్ బౌల్ అనే క్వార్టర్‌ఫైనల్ల ఓరెగాన్ మీద స్మిత్ 187 గజాలు, రెండు టచ్‌డౌన్లు జేసిండు, ఆపేటోడు లేకుండె. టెక్సాసోళ్లు అది చూసి ఆ పిలగాని మీదనే కాపలా కట్టిన్రు. ముందర ఒకడు, ఎనుక ఇంకొకడు. ఆఖరుకు స్మిత్ లెక్క ఎంతో తెలుసా, ఒక్కటంటే ఒక్క క్యాచు, 3 గజాలు. దేశంల అందరికన్న మంచి రిసీవరు, మొత్తం ఆటల 3 గజాలు. మా మనుమడు సోఫా మీదికెల్లి లేచి లోపలికి పోయిండు, చూడలేకపోయిండు.

నాకు అప్పుడు మన కబడ్డి యాదికొచ్చింది. ఒకసారి మండల్ మీటుల మా బడికి ఒక రైడరుండె, వాడు పోతె రెండు పాయింట్లు రావాల్సిందే. అవతలి బడోళ్లు ఏం జేసిన్రంటే మొదటి పట్టుల వాన్ని ఔట్ జేసిన్రు, ఆ తర్వాత మావోళ్లకు ఒక్కలను గూడ ముట్టనియ్యకుండ దూరం దూరం జరుగుకుంట ఆడిన్రు, ముట్టకపోతె వాడు లోపలికి రాడు గదా. మంచి పిలగాడు గీత బయట కూసున్నడు, టైమైపోతున్నది. ఆ రోజు మమ్ముల గెలిపిచ్చింది ఎవ్వలు పట్టిచ్చుకోని రెండో రైడరు, బక్క పిలగాడు, వాని మీద ఎవలకు భయం లేదు గాబట్టి దగ్గరికి రానిచ్చిన్రు, వాడు కాలు సాపి తొడ ముట్టి ఉరికొచ్చిండు. ఫుట్‌బాల్ల మనిషిని బయట కూసోబెట్టరు, కాని ఇద్దరిని మీద పెడితె లోపల ఉన్నా లేనట్టే. అయితె కాపలా కాసేటోళ్లు గూడ 11 మందే గదా, ఒక్కని మీద ఇద్దరు పోయిన్రంటె ఇంకెక్కడో ఒక్కడు ఒంటరిగ దొరుకుతడు. ఆ దొరికిన జాగల ఉన్నోడు పట్టాలె. సెమీఫైనల్ల అట్ల పట్టింది టేట్, 7 క్యాచులు, 87 గజాలు. ఓహాయో స్టేట్ 28-14 తోటి గెలిచింది. ఆఖర్ల డిఫెన్స్ పిలగాడు జాక్ సాయర్ బంతి గుంజుకొని 83 గజాలు ఉరికిన దృశ్యమే అందరికి యాదున్నది, ఉండాలె గూడ, కాని అక్కడి దాక ఆటను మోసుకొచ్చిన చేతులు టేట్‌వి.

ఇప్పుడు చూడండ్రి, ఆగస్టు 30న మొదటి మ్యాచు ఎవలతోటి? మల్ల అదే టెక్సాస్ తోటి, ఈసారి కొలంబస్‌ల. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) అనే వార్తా సంస్థ ఇచ్చే ర్యాంకులల్ల టెక్సాస్ 1, ఓహాయో స్టేట్ 3. అవతల క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్, తాత, చిన్నాయనలు గూడ పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లే, ఆ ఇంటిపేరు తెల్వనోళ్లు ఆ దేశంల ఉండరు. ఒకసారి పనిచేసిన మందు మల్ల వెయ్యకుండ ఎవలుంటరు సార్, స్మిత్ మీద మల్ల ఇద్దరిని పెడ్తరు. పోయినసారి టెక్సాసుకు కాపలాల పెద్దదిక్కు జాడే బ్యారన్, ఆయన ఇప్పుడు ఎన్ఎఫ్ఎల్ల డెన్వర్ టీముకు పోయిండు, డ్రాఫ్టుల 20వ నంబరు, అంటే మన ఎగ్బూకా ఎంబడే. ఆయన లేకున్న ఆ పద్ధతి తెలిసిన కోచ్‌లు అక్కడనే ఉన్నరు.

టేట్ గురించి ఇంకో మాట, ఇది రాస్తుంటె మనసు బరువైతది. ఆ పిలగానిది షికాగో. 2023 జూలైల, కాలేజిల చేరిన కొత్తల్నే, షికాగోల రోడ్డు మీద జరిగిన కాల్పులల్ల వాళ్లమ్మ చనిపోయింది. పద్దెనిమిదేండ్ల పిలగాడు. ఆ తర్వాత క్యాంపుకొచ్చి ప్రాక్టీసుల నిలబడ్డడు. పోయినేడు నవంబరు 16న నార్త్‌వెస్టర్న్ తోటి మ్యాచు షికాగోల్నే పడ్డది, రిగ్లీ ఫీల్డ్ అనే బేస్‌బాల్ గ్రౌండుల, సొంతూర్ల రెండు టచ్‌డౌన్లు పట్టిండు. మా ఇంటామెకు ఆట ఏం తెల్వది, ఆ రోజు బిడ్డ చెప్తె ఇని టీవీ ముంగట కూసొని కండ్లు తుడుసుకున్నది. నా సర్వీసుల తల్లి లేని పిల్లలను ఎంతమందినో చూసిన, గ్రౌండే వాళ్లకు ఇల్లు. అందుకే ఈ పిలగాడు పైకి రావాలెనని నాకు సొంత మనుమని మీద ఉన్నంత ఆశ ఉన్నది.

పోయినేడు టేట్ లెక్క 52 క్యాచులు, 733 గజాలు, 4 టచ్‌డౌన్లు. మూడో మనిషిగ ఆడి తెచ్చిన లెక్క ఇది. ముందు స్మిత్, పక్కన ఎగ్బూకా, వాళ్లకు పోంగ మిగిలింది ఈయనకు. ఎగ్బూకా పోయినేడు 81 పట్టిండు, 1,011 గజాలు, ఆ కాలేజిల మొత్తం మీద ఎక్కువ క్యాచులు పట్టిన రికార్డు గూడ ఆయనదే, 205. ఆయన ఇప్పుడు ఎన్ఎఫ్ఎల్ల టాంపా టీముకు పోయిండు గాబట్టి ఆ 81 బంతులు ఎటో ఒకదిక్కు పోవాలె. అందుల సగం టేట్ దిక్కు వస్తె ఆయన 1,000 గజాలు దాటుడు కష్టమేం కాదు, నేను దాటుతడనే అనుకుంటున్న. ఉరుకుడుల స్మిత్ అంత జోరు కనపడది, కాని మలుపు తిరిగేటప్పుడు ఒళ్లు ఊగది, కాపలాదారుకు ఎటు పోతడో ముందు తెల్వది. నేను చూసినంత మటుకు కష్టమైన టైముల బంతి జార్చింది లేదు.

మూడో జాగ బ్రాండన్ ఇన్నిస్‌ది. ఎగ్బూకా నిలబడ్డ లోపలి జాగనే, స్లాట్ అంటరు. ఇక్కడ నాకు జర గుబులున్నది. ఇన్నిస్ గూడ ఫ్లోరిడా పిలగాడే, బడిల ఉన్నప్పుడే పెద్ద పేరు. 2023ల పర్డ్యూ మీద పట్టిన మొదటి క్యాచే 58 గజాల టచ్‌డౌను. కాని రెండేండ్లు ముందటోళ్ల నీడల్నే ఉన్నడు. పోయినేడు అవతలోళ్లు తన్నిన బంతిని పట్టి ఉరికే పనిల ఎక్కువ కనపడ్డడు. మనిషి గట్టోడు, పట్టినంక కిందపడడు, పక్కోని కోసం అడ్డం నిలబడి కొట్టుకునే గుణం ఉన్నది. లోపలి జాగల ఉన్నోనికి అదంత కావాలె, దాంతోని పాటు జనం మధ్యల ఖాళీ జాగ ఎక్కడున్నదో రెప్పపాటుల కనిపెట్టే కన్ను గావాలె, ఎగ్బూకాకు ఉన్నది ఆ కన్నే. ఇన్నిస్‌కు ఉన్నదా లేదా అన్నది మొదటి నెలల తెలుస్తది.

వాళ్ల ఎనుక మైలన్ గ్రాహం, బ్రైసన్ రోజర్స్, కొత్తగొచ్చిన ఎత్తరి క్విన్సీ పోర్టర్ ఉన్నరు. పిల్లలు మంచోళ్లే, అనుభవం లేదు. స్మిత్, టేట్, ఇన్నిస్ ముగ్గుర్ల ఒక్కనికి మోకాలు పట్టుకుంటె కష్టమే. అందుకే మ్యాక్స్ క్లేర్ అనే పిలగాన్ని పర్డ్యూ నుంచి తెచ్చుకున్నరు, రిసీవరు కాదు, టైట్ ఎండ్ అంటరు, లైనుల నిలబడి కొట్టుకోవాలె, అవసరమైతె ఉరికి పట్టాలె. పోయినేడు అంత వీక్ టీముల ఉండి గూడ 51 పట్టిండు. స్మిత్ మీద ఇద్దరు, టేట్ మీద ఒకడు పోతె మధ్యల ఈయన ఖాళీ దొరుకుతడు.

పట్టేటోళ్లు ఎంత మంచోళ్లైనా ఇసిరేటోడు గావాలె గదా. అక్కడనే పెద్ద మార్పు. కప్పు కొట్టిన క్వార్టర్‌బ్యాక్ విల్ హోవార్డ్ కాలేజి అయిపోయి ఎన్ఎఫ్ఎల్‌కు పోయిండు. కొత్త పిలగాడు జూలియన్ సేయిన్, కాలిఫోర్నియా, మొన్ననే ఈయనే మొదలు పెడ్తడని కోచ్ రయన్ డే ప్రకటించిండు. మొదటి పెద్ద ఆటనే నంబర్ వన్ టీముతోటి. కొత్త పిలగానికి ఎవలైనా ఏం జేస్తరు, నమ్మకమున్న మనిషి దిక్కు చూస్తరు, అంటే స్మిత్ దిక్కు. టెక్సాసోళ్లకు కావాల్సింది గూడ గదే. కాబట్టి హార్ట్‌లైన్, ఈ ఏడు ఆఫెన్స్, అంటే బంతి తోటి ముందుకు పోయే పని, మొత్తం ఆయన చేతికే ఇచ్చిన్రు, మొదటి రెండు మూడు ఇసురుళ్లు టేట్ దిక్కు పెట్టాలె అని నా మాట. టేట్ రెండు పట్టిండంటె కాపలా చెదురుతది, అప్పుడు స్మిత్‌కు తొవ్వ దొరుకుతది. జనవరి 20 ఫైనల్ల చూసినం గదా, 31-7 నుంచి నోటర్‌డేమ్ 31-23 దాక ఎక్కొచ్చింది, మూడో ప్రయత్నంల ఇంకా 11 గజాలు గావాలె, అందరు మీదికి దూకిన్రు, స్మిత్ మీద ఒక్కడే మిగిలిండు, 56 గజాల బంతి పట్టిండు, 34-23 తోటి కప్పొచ్చింది. స్మిత్‌కు ఒక్కడే కాపలా ఉంటె ఏమైతదో దేశమంత చూసింది. ఆ ఒక్కడే మిగిలేటట్టు జేసుడు మిగతా రిసీవర్ల పని.

ఇంకోటి, టెక్సాసు మీద గెలిచినా ఓడినా కొలంబసోళ్లకు అసలు లెక్క నవంబరు 29. మిషిగన్ తోటి, వాళ్ల ఊర్లె. వరుసగ నాలుగేండ్లు మిషిగన్ చేతిల ఓడిన్రు, పోయినేడు సొంత గ్రౌండుల 13-10. కప్పు కొట్టిన టీముకు గూడ ఆ ముల్లు పోలే. మా అల్లుని ఆఫీసుల ఆ వారం ఒకలతోటి ఒకలు మాట్లాడలేదంట. ఆ ఆటల చలి, గాలి, ఇరుకు, మధ్యల నుంచి గుద్దుకుంట పోవుడే ఎక్కువ జేసిన్రు, రిసీవర్లను వాడుకోలే. ఈసారైనా అంచుల మీది పిల్లలను నమ్మాలె.

ఎడిటర్ గారు, నేను అడిగేది పెద్దదేం కాదు. ఆగస్టు 30 మ్యాచు అక్కడ మధ్యాహ్నం 12కు, మనకు రాత్రి తొమ్మిదిన్నరకు. వినాయక నవరాత్రులు నడుస్తుంటయి, మండపం కాడ పిల్లలు ఎట్లా మేలుకొనే ఉంటరు, నేను గూడ మా గల్లీ మండపంల ఆరతి కాంగనే ఇంటికొచ్చి బిడ్డకు వీడియో కాల్ జేసి చూస్త. శనివారం పేపర్ల ఒక చిన్న డబ్బా కట్టి ఈ ముగ్గురు రిసీవర్ల పేర్లు, మ్యాచు టైము వెయ్యండ్రి, ఫొటో వేస్తె మాత్రం కాళ్లతోటి తన్నే ఫుట్‌బాల్ ఫొటో వెయ్యకుండ్రి, ఒకసారి ఒక పేపర్ల అట్లనే చూసిన. ఆట అయ్యేసరికి మనకు రాత్రి ఒంటిగంట అయితది, అప్పటికి జిల్లా ఎడిషన్ ప్రింటుకు పోయి ఉంటది గాబట్టి ఆదివారం స్కోరు రాదని నాకు ఎరుకే. సోమవారం వెయ్యండ్రి, టేట్ ఎన్ని పట్టిండో గూడ రాయుండ్రి.

ఇట్లు,
రిటైర్డ్ పీఈటీ,
నల్లగొండ